భవానీకి పెద్దమ్మ రాసే ఉత్తరం

భవానీ,

ట్రాన్స్ మహిళగా నువ్వు తిరుపతి కార్పొరేషన్‌కు పోటీ చేస్తావంట! మీ అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను గానీ, అందులో సగం సంతోషమే.

ఇల్లిల్లూ తిరుగు. నీళ్ళు, కాలువలు, వీధి దీపాల గురించి అడిగి రాసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

నా టెన్షనంతా కాగితాల గురించే. రెవెన్యూ ఆఫీసులో ఫైళ్ళ మధ్య ముసలిదాన్నయినదాన్ని, ఇంకెట్లా ఉంటాను? మధ్యప్రదేశ్‌లో, కట్నీలో, మహిళలకు రిజర్వయిన మేయరు సీటులో కమలా జాన్ అనే హిజ్రా గెలిచింది. జనం ఓట్లేశారు, కుర్చీ ఎక్కించారు. ఆమె ఆడమనిషే కాదని కోర్టుకెక్కారు. ఎన్నిక కొట్టేశారు. 2003లో హైకోర్టూ అదే ఖాయం చేసింది. అన్ని ఓట్లూ బూడిదలో పోసిన పన్నీరే. అప్పటికి ట్రాన్స్‌జెండర్లు ఆడో మగో తామే చెప్పుకోవచ్చన్న 2014 సుప్రీంకోర్టు తీర్పు లేదు, వాళ్ళ హక్కుల కోసం వచ్చిన 2019 చట్టమూ లేదు. నీకు రెండూ ఉన్నాయి. అయినా సరే, మీ వార్డు మహిళలకు రిజర్వయితే లాయరుకు చూపించకుండా నామినేషన్ వేశావో, ఊరుకోను. "అందరూ అక్కా అనే పిలుస్తారు కదా పెద్దమ్మా" అంటావు. వీధి పిలుపు కోర్టులో చెల్లదమ్మా. కలెక్టరు ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్టు, ఆధార్, ఓటరు లిస్టు, మూడింట్లో పేరు ఒక్కలాగే ఉండాలి. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటే, స్క్రూటినీ రోజు ఎదుటివాడు దాన్నే పట్టుకుంటాడు.

మీటింగులో ఎవడో నీ పాత పేరు పెట్టి కేకేస్తాడు. తిరిగి చూడొద్దు.

ఇంకొకటి. చిన్నప్పుడు, మగవాళ్ళు మొక్కుగా చీర కట్టే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో నీకూ చీర కట్టాం, గుర్తుందా? ఇంటికొచ్చాక విప్పనని పేచీ పెట్టి, అట్లాగే నా పక్కన పడుకున్నావు. పిన్నీసులు గుచ్చుకుంటాయని రాత్రి ఒక్కొక్కటే తీశాను. ఆ జాతర మాట మాత్రం ప్రచారంలో ఎత్తొద్దు. మగవాళ్ళు చీర కడితే దండం పెడతారు, మమ్మల్ని చూస్తే నవ్వుతారెందుకని అడిగితే చప్పట్లు పడతాయి, నిజమే. కానీ వాళ్ళది మొక్కు, నీది బతుకు. రెండూ కలిపావంటే "వీళ్ళదీ వేషమే" అనేవాళ్ళకు నువ్వే మాట అందించినట్టు.

చీకటి పడ్డాక ఒంటరిగా ఏ సందులోకీ పోకు. గెలవకపోయినా పర్లేదు, ఇంటికి రావాలి నువ్వు. ఎండలో మజ్జిగ తాగు.

ఆదివారం కాగితాలన్నీ తీసుకుని చిత్తూరు రా. జిరాక్సులు కాదు, ఒరిజినల్స్. నేనే చూస్తాను.

పెద్దమ్మ