రోడ్డు గుంతల మీద కార్టూన్ వీడియో చేస్తే కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: సార్, మాది తెలంగాణలో మండల కేంద్రానికి దగ్గరి ఊరు. నేనూ, బొమ్మలు వేసే మా ఫ్రెండూ కలిసి ఊరి సమస్యల మీద చిన్న వీడియోలు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో పెడుతుంటాం. మొన్న మా రోడ్డు గుంతల్లో ఎమ్మెల్యే పడవ నడుపుతున్నట్టు కార్టూన్ వేసి, ఏఐతో ఆయన గొంతు పెట్టాం. చివర్లో ‘రోడ్డు బిల్లు మింగేశారు’ అని రాశాం. అది చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. డిలీట్ చేయకపోతే పరువు నష్టం కేసు పెడతానని ఆయన అనుచరుడొకరు బెదిరించాడు. ఒకసారి వచ్చి పొమ్మని స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్. వీడియో తీసేయాలా?

జవాబు: మొత్తం తీసేయనక్కర్లేదు. రెండే మార్పులు వెంటనే చేయండి. చివర రాసిన మాట మార్చండి, ఏఐ గొంతు తీసేయండి. పడవ బొమ్మ జోలికి వెళ్లకండి, అది మీ హక్కు.

గుంతల్లో ఎమ్మెల్యే నిజంగా పడవ నడిపాడని ఎవరూ అనుకోరు. ప్రజల సొమ్ముతో నడిచే పని మీద మీ అభిప్రాయాన్ని బొమ్మగా చెప్పారు. భావ ప్రకటన హక్కు ఇచ్చే రాజ్యాంగం 19(1)(ఎ) కాపాడేది ఇలాంటి మాటనే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువు నష్టాన్ని నేరంగా చూస్తుంది, శిక్ష రెండేళ్ల దాకా ఉండొచ్చు. కానీ ప్రజా సేవకుడి అధికారిక నడవడి మీద సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయానికి అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది.

‘బిల్లు మింగేశారు’ సంగతి వేరు. అది ఒక మనిషి డబ్బు తిన్నాడని చెప్పే ఆరోపణ. కోర్టులో అది నిజమని, ప్రజల మేలు కోసమే చెప్పామని చూపించే భారం మీ మీద పడుతుంది. దగ్గర కాగితం ఏమైనా ఉందా? లేకపోతే ఆ వాక్యం ఉంచకండి. రోడ్డు ఏ శాఖదో కనుక్కుని సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. మంజూరైన మొత్తం, ఎస్టిమేట్, మెజర్‌మెంట్ బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ, కాంట్రాక్టర్‌కు ఎప్పుడు ఎంత చెల్లించారన్న వివరాలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం తెర మీద చూపిస్తూ ‘ఇంత మంజూరైంది, పని ఏది?’ అని అడిగితే చట్టపరంగా మిమ్మల్ని పట్టుకోవడం కష్టం. చూసేవాళ్లకూ ఆ ప్రశ్నే ఎక్కువ తగులుతుంది.

ఏఐ గొంతు విషయంలో నేను గట్టిగానే చెబుతాను. ఆయన నిజంగా అలా మాట్లాడారని ఒక్కరైనా నమ్మే వీలుంటే, పరువు తీయడానికి నకిలీ ఎలక్ట్రానిక్ రికార్డు తయారు చేశారంటూ న్యాయ సంహితలోని ఫోర్జరీ సెక్షన్ 336 దాకా లాగుతారు. 2026 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ రూల్స్ సవరణ తర్వాత ఇలాంటి ఆడియోకు ఏఐ అన్న లేబుల్ కూడా ఉండాలి. మీలో ఎవరైనా మిమిక్రీ చేయండి, అది మిమిక్రీ అని తెలిసేలా చేయండి.

పత్రికలో కార్టూన్ వస్తే దాని వెనక ఎడిటర్ ఉంటాడు, లాయర్ ఉంటాడు. మీ వెనక ఎవరూ లేరు. అయినా మీ వీడియో వాళ్లను ఎక్కువ కలవరపెట్టింది. అది తిరిగిన వాట్సాప్ గ్రూపులన్నీ ఆ నియోజకవర్గంవే, చూసిన ప్రతివాడూ ఆ గుంతల్లో బండి దింపినవాడే. ఓటు గురించి మనిషి ఒక అభిప్రాయానికి వచ్చేది అలాంటి చోటే. అందుకే కేసు పెడతామనేవాళ్లలో చాలామందికి మీకు శిక్ష పడటం కన్నా మీరు మళ్లీ గీయకపోవడమే ముఖ్యం.

మీ ఇంట్లోవాళ్ల భయానికి కారణం లేకపోలేదు. జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర 2012 ఏప్రిల్‌లో మమతా బెనర్జీ మీద వచ్చిన ఒక కార్టూన్‌ను ఈమెయిల్‌లో ఫార్వర్డ్ చేసి అరెస్టయ్యారు. ఆయన మీద పెట్టిన, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర మెసేజ్‌లు పంపడాన్ని నేరంగా చూసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌నే సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. అయినా ఆయన పూర్తిగా బయటపడింది 2023 జనవరిలో. ఒక్క ఫార్వర్డ్‌కు దాదాపు పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరగడం అన్యాయం, దాన్ని వేరే మాటతో చెప్పలేను.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ సోషల్ మీడియాలో పెట్టిన వీడియో మీద గుజరాత్‌లో నమోదైన ఎఫ్ఐఆర్‌ను సుప్రీంకోర్టు 2025 మార్చిలో కొట్టేసింది. మాటల ప్రభావాన్ని ధైర్యం, నిబ్బరం ఉన్న మనిషి కొలతతో చూడాలి తప్ప ప్రతి విమర్శకూ బెదిరిపోయేవాళ్ల కొలతతో కాదని చెప్పింది. మీకు ఇంకా దగ్గరి తీర్పు 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ఇచ్చింది. సోషల్ మీడియా పోస్టుల మీద యాంత్రికంగా ఎఫ్ఐఆర్ కట్టొద్దని, ఫిర్యాదు చేసినవాడు నిజంగా బాధితుడేనా అని ముందు చూడాలని, కటువైన రాజకీయ విమర్శకూ రక్షణ ఉందని పోలీసులకు మార్గదర్శకాలిచ్చింది. పరువు నష్టం నాన్-కాగ్నిజబుల్ నేరం. పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టలేరు, పరువు పోయిందనుకునే మనిషి మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. ఎమ్మెల్యే పరువు పోయిందని అనుచరుడు తన పేరుతో వేసే కేసు మామూలుగా నిలవదు.

అయితే వేరే సెక్షన్లు తగిలించే అలవాటు ఉంది, ముఖ్యంగా న్యాయ సంహితలోని 196, 353. ఒకటి వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం గురించి, రెండోది తప్పుడు సమాచారంతో అలజడి రేపడం గురించి. మీ వీడియోలో కులం, మతం మాట ఎక్కడా ఉండకూడదు. కామెంట్లలో ఎవరైనా అలాంటివి రాస్తే తీసేయండి.

ఇక స్టేషన్ ఫోన్. మర్యాదగానే మాట్లాడండి, కానీ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వమనండి. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పోలీసులు, కోర్టులు కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 35(3) కింద నోటీసు వస్తే తప్పకుండా వెళ్లాలి, వెళ్లకపోతే అరెస్టుకు దారి ఇచ్చినట్టవుతుంది. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. లాయర్‌ను వెంట తీసుకెళ్లండి. ఫోన్ స్వాధీనం చేసుకుంటే పంచనామా (సాక్షుల ముందు రాసే స్వాధీనం కాగితం) కాపీ అడగండి. ఎడిట్ చేసే ముందు అసలు వీడియో ఫైల్, గుంతల ఫొటోలు, అనుచరుడి బెదిరింపు మెసేజ్ ఉంటే దాని స్క్రీన్‌షాట్ వేరే చోట దాచండి. సాక్ష్యం మాయం చేశారనే మాట రాకూడదు.

ఎఫ్ఐఆర్ కడితే బొమ్మ వేసిన మీ ఫ్రెండ్ పేరు కూడా అందులో రావచ్చు, కాబట్టి ఇద్దరూ కలిసే లాయర్‌ను కలవండి. నాన్-బెయిలబుల్ సెక్షన్ ఉంటే బీఎన్ఎస్ఎస్ 482 కింద ముందస్తు బెయిల్, కేసు కొట్టేయమని అదే చట్టం 528 కింద హైకోర్టులో పిటిషన్ వేయొచ్చు. ఫీజు భారమైతే 15100కు ఫోన్ చేసి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత లాయర్ దొరికే అర్హత మీకుందేమో కనుక్కోండి.