ఆకు మీద ఎండతో ఫోటో: మన కోనసీమలో కుదురుతుందా?

రసాయనాలేవీ లేకుండా ఒట్టి ఎండతో ఆకు మీద ఫోటో వేయొచ్చా, మన వైపు దొరికే ఆకుల్లో ఏది మంచిది అని అడిగారు. నిక్షేపంగా వేయొచ్చండీ. కొత్తపేట దగ్గర మా పెరట్లోనే చేస్తుంటాను. దీన్ని క్లోరోఫిల్ ప్రింట్ అంటారు. వియత్నాంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన బిన్ డాన్ అనే కళాకారుడు, వియత్నాం యుద్ధం నాటి ఫోటోలను ఇలాగే ఆకుల మీదికి ఎక్కించారు.

ముందుగా, ఆకు మీద పరిచే పారదర్శక షీటు మీదకి నెగెటివ్ కాదు, మామూలు పాజిటివ్ బొమ్మే కావాలి. కోసిన ఆకులో పత్రహరితం (క్లోరోఫిల్) ఎండకి విరిగిపోయి ఆకు పాలిపోతుంది. షీటు మీద నల్లగా ఉన్నచోట ఎండ తగలదు, అక్కడ పచ్చదనం నిలుస్తుంది. జిరాక్స్ షాపులో ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద ప్రింట్ తీయించండి. నలుపు పలచగా వస్తే అదే బొమ్మ ఇంకోటి తీయించి, రెండూ కచ్చితంగా కలిపి పెట్టండి. వెలుగునీడలు గట్టిగా ఉన్న ముఖం ఫోటో అయితే బాగా తేలుతుంది.

ఇక ఆకు. పనస, మామిడి లాంటి తోలుమందం ఆకుల జోలికి వెళ్లొద్దు. నా ఓటు మెట్టతామరకి, చేమాకుకి. చిన్న బొమ్మకి తమలపాకు చాలు. మరీ లేతాకు వాడిపోతుంది, ముదురాకు ఓ పట్టాన పాలిపోదు. నడిమి వయసుది కోయండి.

చెక్క పలక మీద న్యూస్‌పేపర్ మడత, దానిపై ఆకు, షీటు, గాజు పలక పెట్టి క్లిప్పులు బిగించండి. తొడిమకి తడి దూది చుట్టండి. మన డెల్టాలో అసలు ఇబ్బంది చెమ్మ. గాజు కింద ఆవిరి పట్టి ఆకు నల్లబడుతుంది, బూజు కూడా వస్తుంది. అందుకే రోజూ సాయంత్రం విప్పి పేపరు మార్చాలి. సంక్రాంతి దాటాక మార్చి దాకా చాలా మంచి కాలం. రోహిణీ కార్తె ఎండకి గాజు కింద ఆకు ఉడికిపోతుంది, వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు. పలచటి ఆకుకి ఒకటి రెండు రోజులు, మందం ఉంటే వారం కూడా పట్టొచ్చు. షీటు కదలకుండా ఒక మూల ఎత్తి చూస్తుండండి.

బొమ్మ నిలవడానికి కొందరు మైలుతుత్తం నీళ్లలో ముంచుతారు. పత్రహరితంలోని మెగ్నీషియం స్థానంలోకి రాగి చేరి రంగు గట్టిపడుతుంది, అది నిజమే. కానీ ఆ నీళ్లు చేపలకీ రొయ్యలకీ విషం. చుట్టూ కాలువలూ చెరువులూ ఉన్న ఊళ్లో దాన్ని ఎక్కడ పారబోస్తాం? నేను వాడను, మిమ్మల్నీ వాడొద్దనే అంటాను. బదులుగా, బొమ్మ తేలిన రోజే స్కాన్ చేసుకోండి. ఆకుని పాత పేపర్ల మధ్య బరువు కింద ఆరబెట్టి, ఎండ తగలని పుస్తకంలో పెట్టండి. గోడకి తగిలిస్తే మాత్రం వెలిసిపోతుంది.