రెండు లీటర్ల ఇంజన్‌తో లె మాన్ ఎలా గెలిచారు?

ప్రశ్న: నేను మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లె మాన్ 24 గంటల రేసును 2015 నుంచి వరుసగా మూడేళ్లు గెలిచిన పోర్షె 919 హైబ్రిడ్‌లో ఉన్నది 2 లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజనేనట. అంత పెద్ద కంపెనీ అంత చిన్న ఇంజన్ ఎందుకు పెట్టింది? రోజంతా అదెలా తట్టుకుంది?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఇంజన్ ఎంత పెద్దదైనా పెట్టుకోండి, పెట్రోలు మాత్రం కొలిచే ఇస్తాం. హైబ్రిడ్ కార్లకు, అంటే ఇంజన్‌తో పాటు బ్యాటరీ, ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉండే కార్లకు, 2014లో వచ్చిన నిబంధనల సారం అదే. 13.6 కిలోమీటర్ల ల్యాప్‌కు (ట్రాక్ చుట్టూ ఒక చుట్టుకు) 5 లీటర్లు కూడా రాదు. అలాంటప్పుడు ఇంజన్ పెద్దదైతే రాపిడికీ బరువుకీ పోయేదే ఎక్కువ. ఆ ఏడాది టయోటా 3.7 లీటర్ల వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు)తో, ఆడి 4 లీటర్ల డీజిల్ వీ6తో వచ్చాయి. నాకు మాత్రం పోర్షె దారే నచ్చింది.

ఎందుకంటే ఆ కారు పొగను కూడా వదల్లేదు. సైలెన్సర్ వైపు వెళ్లే వేడి వాయువులో కొంత టర్బోను, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరాన్ని, తిప్పుతుంది. టర్బోకు అక్కర్లేనిది పక్కనున్న మరో చిన్న టర్బైన్‌కు వెళ్తుంది. దానికి జనరేటర్ బిగించి ఉంటుంది, వేగం నిమిషానికి 1,20,000 చుట్లకు పైనే. ముందు చక్రాల మోటారు బ్రేకు వేసినప్పుడే కరెంటు ఇస్తుంది. లె మాన్‌లో పొడవాటి స్ట్రెయిట్లు ఎక్కువ కాబట్టి డ్రైవర్ కాలు చాలాసేపు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది. అప్పుడు బ్యాటరీని నింపేది ఈ చిన్న టర్బైనే. 2015లో ల్యాప్‌కు 8 మెగాజౌళ్లు, అంటే మన కరెంటు మీటరు లెక్కలో 2.2 యూనిట్లు, వాడుకున్నారు. ఇంజన్ సుమారు 500 హార్స్‌పవర్ ఇస్తే, ముందు మోటారు 400 పైచిలుకు కలిపేది.

ఇక నాలుగు సిలిండర్లను వరుసగా కాకుండా 90 డిగ్రీల వీ ఆకారంలో ఎందుకు పెట్టారంటే, ఈ కారులో ఇంజనే చాసిస్‌లో, అంటే కారు అస్థిపంజరంలో, భాగం. ముందు డ్రైవర్ కూర్చునే కార్బన్ టబ్, వెనక గేర్‌బాక్స్, మధ్యలో బరువంతా మోసేది ఇంజన్. వరుస ఇంజన్ ఎత్తుగా, సన్నగా ఉండి మెలిక పడుతుంది. అయితే ఈ వీ4 ఊరికే లొంగలేదు. 2013లో మొదటి ఇంజన్ వైబ్రేషన్ ఎంత దారుణంగా ఉందంటే, పిస్టన్ల కదలికను చక్రభ్రమణంగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌నే మళ్లీ డిజైన్ చేయాల్సి వచ్చింది. మీ ప్రాజెక్టులో వీ4 తీసుకుంటే, పవర్ సంగతి తర్వాత, ముందు వైబ్రేషన్ తగ్గించే బ్యాలెన్సింగ్ లెక్క చేయండి.

ఎలా తట్టుకుందన్నారు. ప్రతిసారీ తట్టుకోలేదు. 2017లో గెలిచిన కారుకే ముందు మోటారు పోయి, మార్చడానికి గంటకు పైగా పట్టింది. ముందంజలో ఉన్న రెండో పోర్షె ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఆగిపోయింది. 2016లో ఆఖరి నిమిషాల దాకా ముందున్నది టయోటా. దాన్ని ఆపింది పిస్టనూ కాదు, బ్యాటరీ కూడా కాదు. టర్బో నుంచి, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు గాలి వెళ్లే పైపు కనెక్టర్. కాబట్టి మీ డ్రాయింగ్‌లో ఆ పైపు జాయింట్లను ఒక గీతతో సరిపెట్టకుండా, వేడికీ వైబ్రేషన్‌కూ ఎంత కదులుతాయో లెక్కగట్టి వేయండి.