పిరమిడ్ రాళ్లు కోసినవా, పోసినవా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది ఒడిశాలోని గుణుపురం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పిరమిడ్ రాళ్లు క్వారీలో కోసినవి కావని, సున్నపురాయి పొడిని కలిపి కాంక్రీట్‌లా అచ్చుల్లో పోశారని ఒక వీడియోలో చూశాను. మేస్త్రి పని చేసే మా బావ "అంతంత రాళ్లు ఎక్కించడం కంటే సెంట్రింగ్ కొట్టి పోసుకోవడమే తేలిక" అంటున్నాడు. రాయిని చూసి అది ఎక్కడిదో చెప్పగలరా?
– ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

జవాబు: చెప్పగలరు. మీ బావగారి మాట తీసిపారేసేది కాదు, ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ డేవిడోవిట్స్ ఎన్నో ఏళ్లుగా అదే అంటున్నారు, 2006లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు కొన్ని రాతి ముక్కలు పరీక్షించి ఆయన వైపే మొగ్గారు. అయినా భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. నేనూ వాళ్ల పక్షమే.

ఈజిప్టులో ఆ పెద్ద పిరమిడ్లున్న గీజా సున్నపురాయిలో నుమ్ములైట్లు అనే శిలాజాలు కిక్కిరిసి ఉంటాయి. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున బతికిన చిన్న జీవుల పెంకులవి, నాణేల్లా గుండ్రంగా ఉంటాయి. రెండు వేల ఏళ్ల కిందట స్ట్రాబో అనే గ్రీకు పండితుడు పిరమిడ్ల ముందు రాతి పెళ్లల కుప్పల్లో మసూరుపప్పు లాంటివి చూశాడట, కూలీలు తినగా మిగిలిన పప్పే రాయయిపోయిందని అక్కడివాళ్లు చెప్పుకునేవారని రాసిపెట్టాడు. నాకు ఎంతో ఇష్టమైన ముచ్చట ఇది. అసలు సంగతికొస్తే, రాయిని నలగ్గొట్టి, కలిపి, పోస్తే సముద్రం పరిచిన పొరలు చెదిరిపోవాలి. పిరమిడ్ రాళ్లలో ఆ పొరలు అలాగే కనిపిస్తున్నాయి. పైగా గీజాలో రెండో పెద్దదైన ఖఫ్రే పిరమిడ్ అడుగు వరసలు కొన్నిచోట్ల అక్కడి బండనే చెక్కి వదిలేసినవి.

ఎక్కడిదో తేల్చాలంటే చిన్న పలుకును అద్దానికి అతికించి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు. అప్పుడు వెలుతురు అందులోంచి దూరుతుంది, మైక్రోస్కోపులో ఖనిజాలు, శిలాజాలు విడివిడిగా తెలుస్తాయి, వాటిని క్వారీ రాయితో పోల్చడమే. గీజాలో అన్నిటికన్నా పెద్దదైన ఖుఫు రాజు పిరమిడ్ లోపలి రాయి గీజాదే, పైతొడుగు తెల్లరాయి నైలు నది అవతలి తురా అనే చోటిది, రాజు గదిలోని గ్రానైట్ దాదాపు 800 కిలోమీటర్ల దూరాన ఉన్న ఆస్వాన్‌ది. తురా సంగతికి రాతపూర్వక సాక్ష్యం కూడా ఉంది. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ దగ్గర దొరికిన పపైరస్‌లలో (అప్పటి రెల్లు కాగితాల్లో) మెరెర్ అనే అధికారి తన మనుషులు తురా నుంచి గీజాకు పడవల్లో రాయి చేరవేసిన లెక్క రోజువారీగా రాసుకున్నాడు, అదీ ఖుఫు కాలంలోనే!

మీ కొండల్లోనూ ఇలా చూసి పోల్చుకోగల రాయి ఉంది. కోణార్క గుడికి ఎక్కువగా వాడిన ఖొండలైట్‌కు ఆ పేరు మీ దగ్గరి ఖోండు గిరిజనుల వల్లే వచ్చింది. ఒక ముక్క విరగ్గొట్టి భూతద్దంతో చూడండి, గార్నెట్ అనే ఖనిజపు ఎర్రటి గింజలు, వాటి చుట్టూ ఒకే దిక్కుకు సాగిన చారలు కనిపిస్తాయి. పక్కనే బావగారు కూల్చిన పాత స్లాబ్ పెళ్ల పెట్టండి. అందులో కంకర ఎటుపడితే అటు ఉంటుంది, మధ్యలో గాలి బుడగల గుంతలు కూడా ఉంటాయి. ఆయననే చూడమనండి.