సమాధానం: రోడ్డు వెడల్పుకు షాపు గోడ మీద ఎర్ర మార్కింగ్ వేశారు

అన్నా, అంబర్‌పేటలో మీ షాపు గోడ మీద ఎర్ర పెయింట్‌తో గీత గీసి, కాగితం ముక్క కూడా ఇవ్వకుండా మూడు రోజుల్లో మీరే కొట్టేసుకోండి అన్నారని, నేరుగా సుప్రీంకోర్టుకు పోవచ్చా అని అడిగారు కదా, దానికి రాజ్యాంగంలోని 32వ అధికరణ (ప్రాథమిక హక్కులకు భంగం కలిగితేనే నేరుగా సుప్రీంకోర్టుకు పోయే దారి) పనికిరాదు. ఎందుకంటే 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు. అయితే హక్కే పోలేదు. రాజ్యాంగంలో 300ఏ అధికరణ ఉంది: చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తీ లాక్కోకూడదు. పెయింట్ డబ్బా చట్టం కాదు మరి!

2013 భూసేకరణ చట్టం ప్రకారం పోతే ముందు నోటిఫికేషన్ రావాలి, అభ్యంతరాలకు 60 రోజులు ఇవ్వాలి, పరిహారం తేల్చాలి. నష్టపరిహారం బదులు టీడీఆర్ (డబ్బుకు బదులుగా ఇచ్చే, వేరేచోట వాడుకునే లేదా అమ్ముకునే అదనపు నిర్మాణ హక్కు) తీసుకోమని కాగితం పెడితే చదవకుండా సంతకం చేయొద్దు, చేస్తే మీరు ఒప్పుకున్నట్టే. ఏ చట్టం కింద తీసుకుంటున్నారో రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి, మార్కింగ్ ఫొటోలు తీయండి, రిజిస్ట్రేషన్ పత్రం, పర్మిషన్ ప్లాన్ పట్టుకుని లాయర్‌ను కలవండి. 226వ అధికరణ కింద మన హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి, కూల్చివేతపై స్టే అడగొచ్చు. ముందు భాగం ప్లాన్ దాటి ఫుట్‌పాత్ మీదికి వచ్చి ఉంటే మాత్రం కథ వేరు, అది లాయర్ దగ్గర దాచొద్దు.