దేవుడు ఎలాంటివాడు? వాక్యధ్యానంపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వ్యక్తిగత వాక్యధ్యానం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబిస్తున్నాం. ఎత్తి రాసిన వచనాలు పాత అనువాదంలోవి.

ప్రశ్న: వందనాలండీ. ఏటా జనవరిలో ఆదికాండం మొదలుపెట్టి డిసెంబరుకల్లా ప్రకటన గ్రంథం ముగిస్తాను. మొన్న సండేస్కూల్లో ఒక పిల్లాడు "దేవుడు ఎలాంటివాడు మాస్టారూ?" అని అడిగితే ప్రేమగలవాడు, పరిశుద్ధుడు అని చెప్పి ఆగిపోయాను. ఇన్నిసార్లు చదివినా ఎందుకిలా? – ఒక సోదరుడు, కాకినాడ

జవాబు: బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడుకు పైగా చదవాలి. ఆ వేగంలో చరిత్ర తెలుస్తుంది, ఏది ఎక్కడుందో గుర్తుంటుంది. ఆ చదువు మానకండి. కాకపోతే స్వభావం తెలియాలంటే ఒకచోట ఆగి, ఏ పరిస్థితిలో ఆయన ఏమన్నాడో, ఏం చేశాడో, ఏం చేయకుండా మానుకున్నాడో చూడాలి.

సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, దీర్ఘశాంతుడు అని వరసగా రాసుకుని ఒక్కోదాని కింద నాలుగేసి రిఫరెన్సులు వేసుకునేవాళ్లు చాలామంది. అందులో తప్పేమీ లేదు. కానీ "దీర్ఘశాంతుడు" అన్న మాట ఎవరు పలికారో, ఎంత ఘోరం జరిగాక పలికారో తెలియకపోతే అది ఒక బిరుదుగానే మిగిలిపోతుంది.

నిర్గమకాండం 32, 33, 34 అధ్యాయాలతో మొదలుపెట్టండి. ఇశ్రాయేలీయులు అహరోను చేత బంగారు దూడను చేయించుకుని మొక్కడం, ఆ తర్వాత జరిగింది ఇందులో ఉంటాయి. దేవుడు తన గుణాలను తన నోటితోనే ప్రకటించుకున్న చోటు 34:6-7. మూడూ కలిపి 93 వచనాలు. తాపీగా పైకి చదివినా ఇరవై నిమిషాలు చాలు. ఒక వారమంతా ఇవే చదవండి.

మొదటి రెండు రోజులు పెన్ను ముట్టుకోవద్దు, పైకి చదవండి, అంతే. మూడో రోజు నోటుబుక్కులో ఎడమ పేజీని నాలుగు గళ్లు చేయండి: దేవుడు పలికినవి, చేసినవి, చేస్తానని మానుకున్నవి, ఆయన మనసు ఎలా ఉందో తెలిపేవి. రాసే ప్రతి మాట పక్కన వచనం నంబరు ఉండాలి. నంబరు దొరకని మాట రాయకండి. ఎందుకంటే అది మీరు చదివింది కాదు, ఎప్పుడో విన్న ప్రసంగంలోది. కుడి పేజీ మీ ప్రశ్నలకు వదిలేయండి.

గళ్లు నిండుతుంటే కొన్ని వాటంతటవే కనబడతాయి. మోషే "నీ మహిమను నాకు చూపుము" అంటాడు (33:18). దేవుడు మాత్రం తన మంచితనమంతా కనుపరుస్తానంటాడు (33:19). మోషే పగలగొట్టిన పలకల స్థానంలో మొదటివాటివంటి పలకలే మళ్లీ చెక్కుకొని రమ్మంటాడు (34:1). ఇంకొకటి, చాలామంది దాటిపోయేది. 33:3లో, మీరు లోబడనొల్లని ప్రజలు గనుక నేను మీతో రానంటాడు దేవుడు. 34:9లో మోషే అదే మాట ఎత్తి, వీరు లోబడనొల్లని ప్రజలు, మమ్మల్ని క్షమించి మా మధ్య ఉండి మాతో రావాలని వేడుకుంటాడు. రాననడానికి చెప్పిన కారణమే రమ్మనడానికి కారణమైపోయింది. ఆ రెంటి మధ్యన ఏం జరిగింది? 34:6-7 జరిగింది: "కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా". అలాగని పాపాన్ని తేలిగ్గా వదిలేశాడనుకోవద్దు. ఆ రోజున ఇంచుమించు మూడువేలమంది కూలారు (32:28). అదీ మీ గడిలో ఉండాలి. నచ్చినవి మాత్రమే రాసుకుంటే మనం కల్పించుకున్న దేవుడే మిగులుతాడు, 32వ అధ్యాయమంతా ఆ తప్పు గురించే కదా.

రెండో వారం నుంచి 34:6-7లోని ఆ వాక్యం బైబిల్లో మళ్లీ ఎక్కడెక్కడ వినిపిస్తుందో వెదకండి. సంఖ్యాకాండం 14:18, నెహెమ్యా 9:17, కీర్తనలు 86:15, 103:8, 145:8, యోవేలు 2:13, యోనా 4:2, నహూము 1:3. రోజుకొకటి చాలు. ప్రతి చోటా ఎవరు పలికారు, ఏ ఆపదలో పలికారు, ఏ భాగం ఉంచి ఏది వదిలారు అన్న మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఈ పని ఎక్కువగా చెడేది ఒక్కచోటే. మొదటి రోజునుంచే "ఈ వచనం నాకేం చెబుతోంది?" అని అడగడం. అలా అడిగితే అహరోను చేసిన తప్పు మనం చేయకూడదనే పాఠం చేతికొస్తుంది, దేవుడు పక్కకు పోతాడు. ఆ ప్రశ్నను ఏడో రోజుకు ఉంచుకోండి.

ప్రశ్న: మా అత్తింట్లో ముగ్గురికి పిల్లల్లేరు. తాతల శాపం మూడు నాలుగు తరాలు వెంటాడుతుందని ఒక కూడికలో నిర్గమకాండం 34:7 చదివి వినిపించారు. అప్పట్నుంచి బైబిలు తెరవాలంటేనే భయమేస్తోంది. – ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీకు వినిపించింది ఆ వచనంలో చివరి సగం. ముందు సగం "వేయివేల మందికి కృపను చూపుచు" అని మొదలవుతుంది. ఒకవైపు వేలు, ఇంకోవైపు మూడు నాలుగు. ఆ తూకాన్ని పక్కనబెట్టి చదివితే దేవుడు పగబట్టే వాడిలా కనిపిస్తాడు. పది ఆజ్ఞల్లో ఇదే మాట వచ్చినప్పుడు "నన్ను ద్వేషించువారి విషయములో" అని ఉంటుంది (20:5). తండ్రి దారినే పట్టి దేవుణ్ణి ద్వేషిస్తూ పోయే వంశం గురించిన మాట అది.

భయం తీరాలంటే యెహెజ్కేలు 18 మొత్తం, 32 వచనాలూ చదవండి. "తండ్రులు ద్రాక్షకాయలు తినగా పిల్లల పళ్లు పులిసెను" అన్న సామెత జనం నోళ్లలో నానుతోంది, ఇక ఆ సామెత పలకొద్దంటున్నాడు దేవుడు. ఆ తర్వాత ఒక కుటుంబాన్ని తీసుకుంటాడు: నీతిమంతుడైన తండ్రి (5-9), దుర్మార్గుడైన కొడుకు (10-13), తండ్రి పాపం చూసి అలా చేయని మనవడు (14-17). సరిగ్గా మూడు తరాలు. తండ్రి దోషశిక్ష కుమారుడు మోయడని 20వ వచనం తేల్చేస్తుంది.

కోరహు సంగతి కూడా చూడండి. మోషే మీద తిరగబడినవాణ్ణి భూమి నోరు తెరిచి మింగింది. కానీ సంఖ్యాకాండం 26:11 ఒక్క చిన్న వాక్యంలో, కోరహు కుమారులు చావలేదంటుంది. కీర్తనల్లో 42, 44 నుంచి 49, 84, 85, 87, 88 పైన ఎవరి పేరుందో మీ బైబిలు తెరిచి చూసుకోండి. "దుప్పి నీటివాగుల కొరకు ఆశపడునట్లు" అన్నది ఆ వంశం పాటే.

తాగుడు, అప్పులు, గొడవల ఫలితం పిల్లల నెత్తిన పడుతుంది, కాదనలేం. అంతమాత్రాన పిల్లల్లేకపోవడం శాపమని చెప్పడానికి వాక్యం ఒప్పుకోదు. జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులని లూకా 1:6 అంటే, వారికి పిల్లలు లేరని ఆ వెంటనే 7వ వచనం అంటుంది. డాక్టరు దగ్గరకు వెళ్లడానికి సందేహించకండి. శాపం తెంచుతామని ఎవరైనా కానుక అడిగితే మాత్రం అక్కడ కూర్చోకుండా లేచి వచ్చేయండి.

ప్రశ్న: యోనా కాలంలో నీనెవెను క్షమించిన దేవుడే నహూములో ఆ ఊరినే నాశనం చేస్తానంటాడు. మాట మార్చినట్టు కాదా? – డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చదివినందుకు సంతోషం. ఇద్దరు ప్రవక్తలూ సీనాయి కొండ మీద దేవుడు మోషేతో పలికిన వాక్యాన్నే (నిర్గమకాండం 34:6-7) ఎత్తుకున్నారు. యోనా దాన్ని ఫిర్యాదుగా వాడాడు: నువ్వు ఇలా జాలిపడతావని తెలిసే పారిపోయానంటాడు (4:2). నహూము దీర్ఘశాంతుడన్న మాట ఉంచి, ఆ వాక్యం చివరి భాగానికి వెళ్తాడు: "ఆయన దోషులను నిర్దోషులుగా ఎంచడు" (1:3).

మధ్యలో కాలం ఎంత గడిచిందో చూడాలి. 2 రాజులు 14:25 ప్రకారం యోనా రెండో యరొబాము నాటివాడు, అంటే క్రీ.పూ. 8వ శతాబ్దం. నహూము 3:8లో ఐగుప్తు పట్టణం నో అమోను పతనం జరిగిపోయిన సంగతిగా కనిపిస్తుంది. అది క్రీ.పూ. 663 నాటిది. నీనెవె కూలింది క్రీ.పూ. 612లో. యోనా ప్రకటనకు, ఆ ఊరి పతనానికి మధ్య నూరేళ్లకు పైనే గడిచాయి. దీర్ఘశాంతం అంటే ఎంత దీర్ఘమో ఈ లెక్కలో తెలుస్తుంది. ఈలోపు నీనెవె రాజధానిగా ఉన్న అష్షూరు సైన్యం ఎన్ని ఊళ్లను నలిపిందో నహూము 3వ అధ్యాయం చెబుతుంది. ఆ ఊళ్లవాళ్ల వైపు నుంచి చదివితే, దేవుడు ఇంకా ఊరుకోవడమే అన్యాయంగా తోస్తుంది.

మారింది నీనెవె. జనం చెడుతనం మాని తిరిగితే తాను చేస్తానన్న కీడు మానుతానని, మేలు పొందాల్సినవారు కీడుకు తిరిగితే ఆ మేలూ మానుతానని యిర్మీయా 18:7-10లో దేవుడే తన పద్ధతి చెప్పాడు. 1 సమూయేలు 15లో సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడన్న 11వ వచనానికీ, ఆయన పశ్చాత్తాపపడడన్న 29వ వచనానికీ పొసగడం లేదని అడిగేవాళ్లు కూడా ముందు ఈ నాలుగు వచనాలు చదివి వెళ్లాలి.

ప్రశ్న: కొత్త షాపులో "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" అని ఫ్రేము కట్టించి పెట్టాను. అది దేవుని మాట కాదని ఒకాయన అన్నారు. తీసేయాలా? – ఒక వ్యాపారి, విజయవాడ

జవాబు: యోబు 8:7 మన ఇళ్లలో, షాపుల్లో, వాగ్దానపు కార్డుల్లో బాగా తిరిగే వచనం. పలికింది యోబు స్నేహితుల్లో ఒకడైన బిల్దదు. పిల్లల్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న స్నేహితుడితో, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను అప్పగించేశాడని 4వ వచనంలో అన్నవాడు. నువ్వు పవిత్రుడివైతే అని షరతు పెట్టి (6) ఈ మాట అంటాడు. అతని దేవుడు లెక్కల పుస్తకం పట్టుకుని కూర్చున్నవాడు: మంచి చేస్తే లాభం, నష్టం వచ్చిందంటే పాపం ఉన్నట్టే. చివరికి 42:7లో దేవుడు ఆ ముగ్గురు స్నేహితుల మీద కోపగించుకుని, తనను గూర్చి వాళ్లు యుక్తమైనది పలకలేదంటాడు.

యోబు కడపటి స్థితి మొదటిదానికంటే మెరుగైన మాట నిజమే (42:12). అయితే అది బిల్దదు చెప్పిన లెక్క ప్రకారం జరగలేదు.

ఫ్రేము ఉంచడం, తీయడం మీ ఇష్టం. మా మాట అడిగితే మార్చమనే అంటాం. వ్యాపారం దెబ్బతిన్న రోజున ఆ వచనం మిమ్మల్ని బిల్దదు చూపుతోనే చూస్తుంది. దాని చోట సామెతలు 11:1 పెట్టొచ్చు, "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని ఉంటుంది. షాపుకు అంతకంటే సరిపోయేది కనిపించలేదు. ఇకపై ఏ వచనం ఎత్తుకున్నా, ఆ మాట ఎవరిదో పక్కన పెన్సిలుతో రాసుకోండి. ముఖ్యంగా యోబు, ప్రసంగి పుస్తకాల్లో.

ప్రశ్న: కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను. రాత్రి అరగంట దొరుకుతుంది, ఉన్నది ఫోనొక్కటే. పాత అనువాదం సగం అర్థం కాదు. – ఒక సోదరి

జవాబు: అరగంట ఎక్కువే. వాడుక భాషలో వచ్చిన అనువాదం ఫోనులో పక్కన తెరుచుకోండి. మొదట అది చదివి, తర్వాత పాతది చదవండి. రోజుకు పది పన్నెండు వచనాలు దాటొద్దు. నోటిఫికేషన్లు ఆపేయండి. యాప్ పంపే "నేటి వచనం"తో సరిపెట్టుకోకండి, దానికి ముందూ వెనకా ఏముందో అది చూపించదు. వ్యాఖ్యానాలు, యూట్యూబ్ ప్రసంగాలు మీరు రాసుకున్నాకే. ముందే వింటే మీ కళ్లు ఆ ప్రసంగీకుడు చూపించిందే చూస్తాయి.

ప్రశ్న: మా అమ్మకు చదువు రాదు. ఆమె ఇలాంటి ధ్యానం చేయగలదా? – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: నిక్షేపంగా. ఆడియో బైబిల్లో మార్కు సువార్త పెట్టండి. "నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు" అని యేసే అన్నాడు (యోహాను 14:9), కాబట్టి ఆయన చేసిన ప్రతి పనీ దేవుని స్వభావాన్ని చూపిస్తుంది. రోజుకొక సంఘటన చాలు, అధ్యాయం మొత్తం వద్దు. ఒకే భాగం మూడుసార్లు వినిపించి, ఆయన ఎవర్ని చూశాడు, ఏమన్నాడు, చేతులతో ఏం చేశాడు అని అడగండి. 1:40-42లో కుష్ఠరోగిని ముట్టుకున్న తర్వాతే రోగం పోయింది. రోగం పోయాక ముట్టుకోలేదు. అలాంటివాడు పాళెం వెలుపల ఒంటరిగా ఉండాలని లేవీయకాండం 13:46 చెబుతుందని మీరు పక్కనుంచి చెప్పండి, మిగతాది ఆమెను చెప్పనివ్వండి. ఆమె చెప్పింది మీ నోటుబుక్కులో వచనం నంబరుతో సహా రాసిపెట్టండి. ఆడియో మరీ వేగంగా ఉంటే ఒక మెట్టు తగ్గించండి, పేర్లు స్పష్టంగా వినబడతాయి.