పవర్ పెంచడానికి తొందరపడకు

అమ్మలూ,

ఒంగోలు నుంచి పెదనాన్న దీవెనలు.

వచ్చే వారం మీ యాక్సిలరేటర్‌లో, అదే కణాలకు వేగం పెంచే యంత్రంలో, కొత్త రాగి క్యావిటీకి, అంటే లోపల గాలి తీసేసిన ఆ డొల్ల గదికి, హై పవర్ మైక్రోవేవ్‌లు ఇస్తున్నారట కదా. ‘వాక్యూమ్ అంత బాగున్నప్పుడు స్పార్క్ ఎందుకొస్తుంది పెదనాన్నా?’ అని అడిగావు. అది ఫోన్లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

వాక్యూమ్ బాగుంటే లోపల మిగిలిన గాలి అణువుకు ఎలక్ట్రాన్ తగలడమే అరుదు. తప్పు గాలిది కాదు, రాగిది. మొన్న చీమకుర్తిలో పాలిష్ పట్టిన గ్రానైట్ పలకలో నా ముఖం చూసుకున్నాను. భూతద్దం పెడితే అన్నీ గీతలూ గుంటలే. మీ రాగి కూడా అంతే. కంటికి కనబడని మొన దగ్గర ఫీల్డ్, అంటే విద్యుత్ క్షేత్రం, 30 నుంచి 100 రెట్లు దాకా పెరుగుతుంది. మీటరుకు 100 మెగావోల్టులు అక్కడ వేలల్లోకి పోతుంది. ఆ మొన నుంచి ఎలక్ట్రాన్లు బయటికి దూకుతాయి. ఫౌలర్, నార్డ్‌హైమ్ అనే శాస్త్రవేత్తలు 1928లో లెక్క కట్టింది దీన్నే. ఆ కరెంటుకు మొన కాగి, రాగి ఆవిరై, ఆ ఆవిరే కరెంటు పారే ప్లాస్మా అవుతుంది. స్పార్క్ అంటే అదే. ఫీల్డ్ లాగుడికి స్ఫటికం లోపల పొరలు జరిగి కొత్త మొనలు పుడతాయని కూడా పరిశోధకులు భావిస్తున్నారు. కాబట్టి ఎంత శుభ్రం చేసినా స్పార్కులు పూర్తిగా పోవు. అయినా గ్లౌజులు మాత్రం మానకు. వేలిముద్ర, దుమ్ము రేణువు, రెండూ శత్రువులే.

ఒకసారి మేం పని తొందరలో, స్పార్క్ వచ్చిన ప్రతిసారీ వెంటనే అదే పవర్ ఇచ్చాం. ఒకదాని వెనకే ఇంకొకటి వచ్చింది. విప్పి చూస్తే ఐరిస్ (క్యావిటీలో గదుల మధ్య రంధ్రం) అంచున కరిగి గడ్డకట్టిన చిన్న చిన్న గుంటలు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే చెబుతున్నా, స్పార్క్ రాగానే పవర్ బాగా తగ్గించి, మెల్లగా ఎక్కించు. ఫీల్డ్ 10 శాతం పెంచితే స్పార్కులు సుమారు 17 రెట్లవుతాయి, ఎందుకంటే ఆ రేటు ఫీల్డ్‌కు దాదాపు 30వ ఘాతంలో పెరుగుతుంది. కండిషనింగ్‌కు, అంటే రాగిని మెల్లగా పవర్‌కు అలవాటు చేయడానికి, లక్షల పల్సులు పట్టినా పట్టనీ. రిఫ్లెక్టెడ్ పవర్ (క్యావిటీ నుంచి వెనక్కి తిరిగొచ్చే పవర్), వాక్యూమ్ గేజ్ రెండూ ఏ క్షణాన కదిలాయో లాగ్‌బుక్‌లో రాయి.

ఇంకో మాట. బీమ్ (కణాల ప్రవాహం) లేదు కదా అని రేడియేషన్ ఆపే షీల్డింగ్ తలుపు తీయొద్దు. మొనల నుంచి దూకిన ఎలక్ట్రాన్లే గోడకు కొట్టుకుని ఎక్స్‌రేలు పుట్టిస్తాయి. పవర్ ఆపి, రేడియేషన్ మీటరు చూసుకున్నాకే లోపలికి అడుగు పెట్టు. ఈ సంగతి మీ పెద్దమ్మకు చెప్పలేదు, విందంటే రోజూ ఫోన్ చేస్తుంది.

పెదనాన్న